సిరిసిల్ల నుంచి సూటిగా పడమరకు

అట్లాసు తెరిచి సిరిసిల్ల మీద స్కేలు ఆనించి, అడ్డంగా పడమరకు ఒక గీత గీయండి. అది లాతూరును తాకుతూ, పుణెకు కాస్త దిగువగా సాగి, కొంకణ తీరం దాటి అరేబియా సముద్రంలోకి వెళుతుంది. సముద్రం అవతల ఒమన్, యెమెన్‌ల ఎడారి అంచులు, రుబ్ అల్ ఖాలీ ఇసుక, ఆ ఇసుక అయిపోయాక అసీర్ కొండలు. ఆ కొండల మీద గీత చేరే ఊరు సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్. సిరిసిల్ల అక్షాంశం 18.4 డిగ్రీలు, ఖమీస్‌ది 18.3. కరీంనగర్, కామారెడ్డి కూడా దాదాపు ఈ గీత మీదే ఉన్నాయి. జగిత్యాల కాస్త పైన. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో తమ వలస చరిత్రంతా చెప్పుకునే పల్లెలు ఇవి. వాటికి ఉత్తరానికీ కాకుండా దక్షిణానికీ కాకుండా సూటిగా పడమరన, యెమెన్ సరిహద్దుకు దగ్గర్లో, మనవాళ్లు బతుకుతున్న ఒక కొండ ఊరు ఉంది.

ఒకే గీత మీద ఉండడం వల్ల రెండు చోట్లా పగటి నిడివి ఏడాది పొడవునా ఒకటే. సిరిసిల్లలో పొద్దు పొడిచిన దాదాపు 2 గంటల 24 నిమిషాలకు ఖమీస్‌లో పొడుస్తుంది. జనవరి అయినా, జూన్ అయినా ఆ తేడా మారదు. గడియారాల తేడా రెండున్నర గంటలు. అంటే ఇక్కడ ఆరింటికి తెల్లవారిన రోజున అక్కడి గడియారం ప్రకారం కూడా ఆరుకు ఐదారు నిమిషాల ముందే తెల్లవారుతుంది. ఊళ్లో తల్లులకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ‘మనకు ఎనిమిదైతే వానికి అయిదున్నర, ఇంక లేవడు’ అని ఫోను పక్కన పెట్టేస్తారు.

వాతావరణంలో మాత్రం పోలికే లేదు. మే నెలలో సిరిసిల్ల 42 డిగ్రీల్లో ఉడుకుతుంటే, సముద్ర మట్టానికి 2,000 మీటర్ల ఎత్తున్న ఖమీస్‌లో మధ్యాహ్నం కూడా 30 చుట్టుపక్కలే ఉంటుంది. చలికాలం రాత్రులు స్వెటరు లేనిదే గడవవు. గల్ఫ్ అనగానే మన కళ్లకు కట్టే ఎండ, ఇసుక ఇక్కడివి కావు. పక్కనే అసీర్ ప్రాంత రాజధాని అబహా. అక్కడి కొండవాలుల్లో జునిపర్ చెట్లు, పొద్దున్నే కమ్మేసే మంచు, రోడ్డు పక్కన బబూన్ కోతుల గుంపులు. ఎడారి దేశంలోని ధనికులు వేసవి గడపడానికి వచ్చే ఈ చోట కట్టడాల పనుల్లో, దుకాణాల్లో, డ్రైవర్లుగా, ఆసుపత్రుల్లో నర్సులుగా, కింగ్ ఖాలిద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్లుగా మన దేశం వాళ్లు కనిపిస్తారు.

ఇంతకీ ఎంత దూరం?

ఖమీస్‌లో ఉన్న కింగ్ ఖాలిద్ స్థావరం వైమానిక దళానిది. ప్రయాణికులకు ఖమీస్‌కైనా, అబహాకైనా రెండు ఊళ్ల నడుమ ఉన్న అబహా అంతర్జాతీయ విమానాశ్రయమే దిక్కు. అక్కడి నుంచి శంషాబాద్‌కు ఆకాశమార్గం సుమారు 3,780 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి మూడింతలు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి అక్షాంశ రేఖ వెంబడి పోదు, మధ్యలో కాస్త ఉత్తరానికి వంగుతుంది. అమెరికా ప్రయాణాల్లో ఈ వంపు విమానాన్ని ధ్రువం దగ్గరి దాకా తీసుకుపోతుంది. ఇక్కడ వంపు వంద కిలోమీటర్లకు లోపే. దాని వల్ల కలిసొచ్చేది ఆరేడు కిలోమీటర్లు.

ఈ దారిలో దాదాపు సగం నీళ్లే. ఒమన్ తీరం వదిలాక 1,700 కిలోమీటర్ల పైచిలుకు సముద్రం మీద సాగి, రత్నగిరి జిల్లాలో దాపోలి దగ్గర మన నేల తగులుతుంది. తర్వాత సాతారా, షోలాపూర్, వికారాబాద్ గుట్టలు, శంషాబాద్ రన్‌వే. గంటకు 840 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానానికి ఇది నాలుగున్నర గంటల పని. నేల మీద పాకడం, పైకెక్కడం, దిగేముందు వరుసలో ఆగడం అన్నీ కలుపుకుంటే ఐదు గంటలు. గడియారం చూసుకుంటే మాత్రం ఇంటికొచ్చేటప్పుడు ఏడున్నర గంటలు గడిచినట్టు, పోయేటప్పుడు రెండున్నర గంటలకే దిగినట్టు ఉంటుంది.

ఐదు గంటలన్నది అన్ని నెలల్లోనూ ఒకేలా ఉండదు. చలికాలంలో ఆ ఎత్తులో గాలులు సాధారణంగా పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. ఇంటికి వచ్చే విమానాన్ని అవి వెనక నుంచి తోస్తాయి, పోయే విమానానికి ఎదురొస్తాయి. వానాకాలం వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దక్షిణ భారతం, అరేబియా సముద్రం మీదుగా తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. దీన్ని గుర్తించి 1958లో శాస్త్ర ప్రపంచం ముందు పెట్టినవాడు పి. కోటేశ్వరం, తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన శాస్త్రవేత్త. నైరుతి రుతుపవనాలను అర్థం చేసుకోవడానికి ఆయన చూపిన ఆ తూర్పు జెట్ ప్రవాహం ఇవాళ్టికీ ప్రపంచమంతటి పాఠ్యపుస్తకాల్లో ఉంది. దాని ఉధృతి 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానాలు ఎగిరేది అంతకు దిగువనే అయినా తూర్పుగాలి తాకిడి అక్కడికీ వస్తుంది. జులైలో పనికి తిరిగి పోయేవాడికి అది కొన్ని నిమిషాలు మిగులుస్తుంది, ఇంటికి వచ్చేవాడికి కొన్ని నిమిషాలు కలుపుతుంది.

గాలి సంగతి ఇంకొకటి ఉంది. శంషాబాద్ రన్‌వే 617 మీటర్ల ఎత్తులో ఉంటే అబహాది సుమారు 2,090 మీటర్లు. అంత ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే ఐదో వంతు తక్కువ. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ల బలమూ తగ్గుతుంది. నేల విడవాలంటే విమానం నూటికి పదికి పైగా ఎక్కువ వేగం అందుకోవాలి, అందుకు ఇంకా పొడవాటి పరుగు కావాలి. ఐదు గంటల ఇంధనం నింపుకుని మధ్యాహ్నపు వేడిలో లేవాల్సి వస్తే బరువు తగ్గించమంటారు. అప్పుడు ముందుగా దిగిపోయేది సరుకు. రాత్రి చల్లబడ్డాక గాలి చిక్కబడుతుంది కాబట్టి ఇబ్బంది చాలా వరకు తీరుతుంది. ఇప్పటి చిన్న జెట్ విమానాలకు ఈ ఎత్తు గానీ, ఈ దూరం గానీ అసాధ్యం కాదు.

అసలు ప్రయాణం

ఐదు గంటల దారిని మన మనిషి ఐదు గంటల్లో దాటిన ముచ్చట నేను వినలేదు. ఖమీస్ నుంచి తెలుగు పల్లెకు రావడమంటే ఇన్నాళ్లూ ఎక్కడో ఒకచోట దిగి, ఇంకో విమానం ఎక్కడమే. షార్జా మీదుగా వస్తే 1,540, ఆపైన 2,530, మొత్తం 4,070 కిలోమీటర్లు. రియాద్ మీదుగా అయితే 860, 3,390 కలిపి 4,250. జిద్దా మీదుగా అయితే ముందు ఇంటికి వ్యతిరేక దిశలో, వాయవ్యానికి 530 కిలోమీటర్లు పోవాలి, అక్కడి నుంచి 4,130 కిలోమీటర్లు తిరిగి రావాలి. మొత్తం 4,660. దూరంలో తేడా చూస్తే మూడొందల నుంచి తొమ్మిది వందల కిలోమీటర్లే, గాలిలో మహా అయితే గంటకు కాస్త పైన. కాలం కరిగేది నేల మీదే. జిద్దా విమానాశ్రయంలో ఆరు గంటలో, పది గంటలో, ఒక్కోసారి రాత్రంతానో కుర్చీల మధ్య కాళ్లు ముడుచుకుని పడుకోవడంలోనే అది పోతుంది. టికెట్టు డబ్బు మిగుల్చుకోవాలని కొందరు అబహా నుంచి జిద్దాకు బస్సెక్కుతారు. కొండ దిగి ఎర్రసముద్రం అంచున ఆరు వందల కిలోమీటర్లకు పైగా సాగే ఆ రోడ్డు ప్రయాణానికి మొత్తం ఆకాశయానం కంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఛుట్టీకి బయల్దేరే ముందు రాత్రి గది ఎలా ఉంటుందో అక్కడ ఉండి వచ్చినవాళ్లెవరినైనా అడగండి. నేల మీద అట్టపెట్టె, పక్కన పరిచిన సామాను. ఇద్దరు మనుషులు కప్పుకునే మెత్తటి దుప్పటి, టాంగ్ డబ్బాలు, నీడో పాలపొడి, ఖర్జూరం, సెంటు సీసాలు, బ్యాటరీ లైటు, ఊళ్లో తోటివాళ్ల ఇళ్లకు చేర్చాల్సిన పొట్లాలు. ఒకడు కొక్కెం తగిలించిన చిన్న తూకం యంత్రంతో పెట్టెను ఎత్తి పట్టుకుంటాడు, ఇంకొకడు వంగి అంకె చదువుతాడు.

‘అన్నా, రెండు కిలోలు ఎక్కువస్తున్నది. దుప్పటి తియ్యాల్నా?’

‘దుప్పటి అవ్వకురా. అది తియ్యకు. టాంగు తియ్యి.’

టేపు వేసి, మళ్లీ విప్పి, మళ్లీ వేస్తారు. తాడు కట్టరు. జిద్దాలో తాళ్లు చుట్టిన మూటలను, గుండ్రటి సంచులను తీసుకోరని అందరికీ తెలుసు. పెట్టె నాలుగు వైపులా మార్కరుతో పేరు, ఊరు, ఇండియా ఫోను నంబరు రాస్తారు. ఇక్కడే విమానం మారే ప్రయాణపు మెలిక ఒకటి పడుతుంది. దేశంలో తిరిగే చిన్న ప్రయాణానికీ, దేశం దాటే పెద్ద ప్రయాణానికీ వేర్వేరు టికెట్లు కొన్నవాడికి లగేజీ కొలతలు కూడా వేర్వేరు. జిద్దా నుంచి ఒప్పుకునే కిలోలను అబహాలో ఒప్పుకోకపోవచ్చు. జిద్దాలో పెట్టె తీసుకుని, ఇంకో టెర్మినల్‌కు తోసుకుపోయి, మళ్లీ వరుసలో నిలబడి అప్పగించాలి. ఒకే టికెట్టు మీద రెండు విమానాలూ ఉంటే పెట్టె తనంతట తాను శంషాబాద్ చేరుతుంది. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి పంపే బాధ్యతా కంపెనీదే. విడివిడిగా కొన్న రెండు టికెట్లకు ఆ పూచీ లేదు. అబహాలో మంచు కమ్మి గంటన్నర ఆలస్యమైతే జిద్దాలో రెండో టికెట్టు చిత్తు కాగితం. ఏజెంటు రెండు వేలు తక్కువకు ఇస్తానన్నప్పుడు ఖమీస్‌లో ఉన్న ప్రతి తమ్ముడూ ఏజెంటును అడగాల్సిన ప్రశ్న ఇది ఒక్కటే: పీఎన్ఆర్ ఒకటేనా, రెండా?

మూసుకున్న ఆకాశం

అబహా నుంచి హైదరాబాద్‌కు గీసిన సరళరేఖ యెమెన్ ఈశాన్యపు ఎడారి మీదుగా పోతుంది. 2015 నుంచి అది యుద్ధం నడిచిన దేశం. ఆ ముక్కను తప్పించుకుని సౌదీ, ఒమన్‌ల మీదుగా ఎగిరితే దూరం పెద్దగా పెరగదు. కానీ యుద్ధం అబహా విమానాశ్రయానికే వచ్చింది. 2019 జూన్ 12న యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల క్షిపణి నేరుగా ఆగమన హాలు మీద పడి 26 మంది గాయపడ్డారు, వారిలో భారతీయ మహిళ ఒకరు. అదే నెల 23న జరిగిన దాడిలో ఒక సిరియా దేశస్థుడు చనిపోయాడు. 2021 ఫిబ్రవరిలో విమానాశ్రయంలో ఆగి ఉన్న ప్రయాణికుల విమానానికి మంటలు అంటుకున్నాయి. ఆ ఏడాది ఆగస్టులో మరోసారి, 2022 ఫిబ్రవరిలో ఇంకోసారి డ్రోన్లు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి మధ్యవర్తిత్వంతో సంధి కుదిరేదాకా, అబహాలో దిగాల్సిన మనిషి ఫోను అరగంట ఆలస్యంగా మోగితే ఇక్కడ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

అదే కాలంలో కొవిడ్ వచ్చింది. 2020 మార్చి మూడో వారం ముగిసేసరికి మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. మే 7న వందే భారత్ మిషన్ మొదలయ్యాక కూడా సీటు కోసం కాన్సులేట్ జాబితాలో పేరు చూసుకుంటూ వారాలు గడిపినవాళ్లు ఎందరో. 2021 ఫిబ్రవరి నుంచి సౌదీ మన దేశం నుంచి నేరుగా రానివ్వలేదు. ఛుట్టీకి వచ్చి ఇరుక్కున్నవాళ్లు నేపాల్‌కో, మాల్దీవులకో పోయి, అక్కడ 14 రోజులు గది అద్దె కట్టి, మళ్లీ పరీక్షలు చేయించుకుని సౌదీలో అడుగుపెట్టారు. ఐదు గంటల దూరానికి మూడు వారాలు, దానికి తెచ్చిన అప్పు. ఆ ఆంక్ష తీరింది 2021 డిసెంబరు 1న. ఇఖామా (నివాస అనుమతి) గడువు దాటిపోతుందన్న భయంతో వడ్డీకి తెచ్చి ప్రయాణం కట్టిన కుటుంబాల్లో ఆ బాకీ ఎప్పటికి తీరిందో లెక్క కట్టినవాళ్లు లేరు. కట్టాల్సిన లెక్క అది.

విమానం ఉన్నా, టికెట్టుకు డబ్బున్నా కదలలేని మనుషుల సంగతి ఇంకా ఉంది. సౌదీ నుంచి బయటికి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ గానీ, ఫైనల్ ఎగ్జిట్ గానీ, ఏదో ఒక అనుమతి పాస్‌పోర్టు లెక్కలో పడాలి. చాలాకాలం అది పూర్తిగా కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) చేతిలో ఉండేది. 2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన కార్మిక సంస్కరణలతో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు అబ్షెర్ అనే ప్రభుత్వ యాప్ ద్వారా తామే దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. మంచి మార్పు, దాన్ని మంచి అనే చెప్పాలి. కానీ ఆ సంస్కరణలను ఇళ్లలో పనిచేసేవాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, గొర్రెల కాపరులకు వర్తింపజేయలేదు. అసీర్ కొండల్లో, దాని దిగువ ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే మనిషికి అబహా విమానాశ్రయం ఎంత దూరమన్నది కిలోమీటర్లలో తేలే విషయం కాదు. అతని యజమాని సరే అంటే రేపు, లేదంటే రెండేళ్లు. గల్ఫ్ కష్టాల గురించి మాట్లాడేటప్పుడు నగరాల్లోని కంపెనీ మనిషినే తలచుకుని ఈ కాపరిని వదిలేయడం మన పత్రికలు కూడా చేస్తున్న పొరపాటు.

అసీర్‌లో ఆపదలో పడ్డ భారతీయుడికి పెద్ద దిక్కు జిద్దాలోని మన కాన్సులేట్. అది మళ్లీ విమానంలో 530 కిలోమీటర్లు. పాస్‌పోర్టు పోయినా, జీతం రాకపోయినా, కఫీల్ ‘పారిపోయాడు’ అని హురూబ్ పెట్టినా కాగితం అక్కడికి చేరాలి. మనిషి చనిపోతే ఆసుపత్రి పత్రం, పోలీసుల నివేదిక, యజమాని చెల్లించాల్సిన బకాయిల లెక్క, ఇంటివాళ్ల అంగీకార పత్రం, కాన్సులేట్ నిరభ్యంతర పత్రం, ఒక్కొక్కటీ ఒక్కో బల్ల మీద ఆగుతూ వస్తాయి. వారాలు, కొన్ని కేసుల్లో నెలలు. పేటికకు కూడా నేరుగా విమానం లేదు. శంషాబాద్ కార్గో గేటు నుంచి ఊరికి తెలంగాణ ప్రభుత్వం ఉచిత అంబులెన్సు ఇస్తోంది. ఆ చివరి రెండొందల కిలోమీటర్ల భారమైనా కుటుంబం మీద పడడం లేదు. కొండ మీది ఆసుపత్రి నుంచి కార్గో గేటు దాకా ఉన్న దూరం మీద అంత శ్రద్ధ ఇంకా పడలేదు.

అడగాల్సిన విమానం

అబహా నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం ఎందుకు లేదంటే విమాన సంస్థలకు సీట్లు నిండాలి. పెద్ద సంస్థలకు ప్రయాణికులను జిద్దా, రియాద్, దుబాయ్‌ల వంటి కూడళ్లకు చేర్చి అక్కడి నుంచి పంచడంలోనే లాభం. పైగా ఏ దేశపు సంస్థ ఏ ఊరికి, వారానికి ఎన్ని సీట్లు నడపాలన్నది రెండు ప్రభుత్వాల ఒప్పందాలతో ముడిపడి ఉంటుంది. కాబట్టి ఇది కంపెనీలు తమంతట తాము చేసే పని కాదు, ఎవరో ఒకరు అడగాలి.

అడగడానికి ఇదే సమయమని నా నమ్మకం. అసీర్‌ను పర్యాటక ప్రాంతంగా పెంచాలని సౌదీ పూనుకుంది. 2023లో అబహా కొత్త విమానాశ్రయ ప్రణాళిక ప్రకటించింది. ఇప్పుడున్న 10,500 చదరపు మీటర్ల టెర్మినల్ స్థానంలో 65,000 చదరపు మీటర్లది, ఏటా 1.3 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడేలా. మొదటి దశ 2028కి పూర్తి కావాలన్నది లక్ష్యం. కొత్త మార్గాలు తెరిచే విమాన సంస్థలకు ప్రోత్సాహకాలు ఇవ్వడానికి ఆ దేశం ఎయిర్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ అని విడిగా ఒక కార్యక్రమమే నడుపుతోంది. ఆ కొత్త టెర్మినల్ పనుల్లో మన జిల్లాల మనుషుల చేతులూ పడతాయి. అక్కడి నుంచి బయల్దేరే మార్గాల పట్టికలో హైదరాబాద్ ఉండాలని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు, మన ఎంపీలు ఢిల్లీలో ఇప్పుడే పట్టుబట్టాలి. రోజూ అక్కర్లేదు. వారానికి రెండు, వేసవి సెలవుల్లో, రంజాన్, దసరా, సంక్రాంతి రోజుల్లో ఇంకొకటి.

రాత్రి పదింటికి, గాలి చల్లబడ్డాక, అబహాలో లేచిందనుకోండి. మన గడియారం ప్రకారం తెల్లవారుజామున ఐదున్నరకు శంషాబాద్. ఇమిగ్రేషన్, లగేజీ బెల్టు అయ్యేసరికి ఏడు. జూబ్లీ బస్ స్టేషన్‌కు పుష్పక్ బస్సు, అక్కడి నుంచి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్, ఆపైన జగిత్యాల. మధ్యలో చాయ్‌కి ఆగినా ఒంటిగంట, ఒంటిగంటన్నరకల్లా ఇంట్లో కూర్చుని అన్నం తినొచ్చు.